తలుపు పైకెక్కిన కథ

మన బజార్లకు షట్టర్లు రాకముందు దుకాణం తెరవడమంటే మోత పనే. కింద గడపకూ, పైన దూలానికీ గాడి తొలిచి ఉండేది. ఆ గాడిలో నిలువు చెక్కలను ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టేవారు. ఏది ఎక్కడిదో తెలియడానికి ఒక్కో చెక్క మీద ఒక్కో అంకె. రాత్రి వాటిని వరసగా దించి, అడ్డంగా ఇనుప పట్టీ వేసి తాళం పెట్టేవారు. తెల్లవారితే మళ్లీ అన్నీ ఊడదీసి లోపల ఓ మూలకు చేరవేయాలి. విజయనగరం, శ్రీకాకుళం, బొబ్బిలి, పార్వతీపురం బజార్లలో పెద్దవాళ్లకు ఈ చెక్కల తలుపులు బాగా గుర్తు.

ఇంత కష్టం ఎందుకు పడ్డారంటే, ఇంటి తలుపుకు లేని చిక్కు కొట్టు తలుపుకు ఉంది. ఇంటి గుమ్మం మూడడుగులుంటే చాలు. కొట్టుకు ముఖమంతా తెరిచి ఉండాలి, సరుకు వీధిలోకి కనబడాలి. పదడుగుల వెడల్పుకు రెండు రెక్కల తలుపు పెడితే ఒక్కో రెక్క అయిదడుగులు. బయటికి తెరిస్తే అరుగు దాటి, కాలువ దాటి రోడ్డు మీదకు వస్తుంది. లోపలికి తెరిస్తే బస్తాలు పెట్టుకునే జాగా పోతుంది. కాబట్టి కొట్టు తలుపు చేసేవాడి ముందున్న అసలు ప్రశ్న ఒక్కటే: తెరిచిన తలుపు ఎక్కడికి పోవాలి? ప్రపంచంలో ఎవరెవరు ఈ ప్రశ్నకు ఏమేం జవాబులు చెప్పారో చూస్తూ వెళితే, మన తీరానికి కావలసిన తలుపు ఎలా ఉండాలో కూడా తెలుస్తుంది.

ఈ బాధ మనకొక్కరికే కాదు. 19వ శతాబ్దం మొదట్లో లండన్ దుకాణాల్లోనూ ఇదే చెక్కల మోత. పొద్దున్నే వాటిని తీయడం, రాత్రి పెట్టడం కొట్లో పనిచేసే కుర్రాళ్ల వంతు. పెద్ద పెద్ద గాజు పలకలు దొరకడం మొదలై దుకాణాల ముఖాలు ఇంకా వెడల్పయ్యాయి. చెక్కలూ పెరిగాయి, మోతా పెరిగింది. తలుపు పక్కకు పోవడానికి చోటు లేదు. మిగిలింది పైభాగం.

పైకి చుట్టుకునే తలుపుకు మూలం ఒక రాతబల్లలో కనిపిస్తుంది. ఫ్రాన్స్ రాజు 15వ లూయీ కోసం ఓబెన్ అనే కొయ్య పనివాడు 1760లో ఒక బల్ల మొదలుపెట్టాడు. అతని తర్వాత రీజనర్ దాన్ని 1769లో పూర్తి చేశాడు. సన్నని చెక్క పుల్లలను పక్కపక్కన పేర్చి, ఒంపు తిరిగే గాడిలో జరిగేలా దానికి మూత అమర్చారు. మూత లాగితే కాగితాలన్నీ కప్పుకుపోతాయి, నెడితే వెనక్కి వెళ్లి బల్ల కడుపులో దాక్కుంటుంది. గట్టిగా ఉండే వస్తువును ముక్కలు చేసి కలిపితే అది గుడ్డలా ఒంగుతుందన్న ఎరుక అందులో ఉంది.

ఆ ఎరుకను ఇనుములోకి తెచ్చినవారిలో ముందు చెప్పుకోవలసింది లండన్ ఇంజినీరు జోసెఫ్ బనెట్ పేరు. చుట్టుకునే ఇనుప షట్టర్లకు 1830లలోనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం కొలంబస్ నగరంలో విలియమ్ కినియర్ 1895 ప్రాంతంలో ఒకదాని అంచు ఒకదానిలో కొక్కెంలా ఇమిడే ఉక్కు పట్టీలతో షట్టరు చేశాడు. బందులు లేవు, మేకులు లేవు. పట్టీ అంచునే వంచి పక్క పట్టీలోకి దూర్చడంతో పని అయిపోయింది. ఈ రోజు పలాస జీడిపప్పు గోదాములకైనా, నరసన్నపేట బంగారం కొట్లకైనా దిగే షట్టరు ఆ వంశంలోనిదే.

పట్టీలు ఒంగడం కథలో సగం. మిగతా సగం బరువుది. పదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తు ఉన్న షట్టరుకు పట్టీలే అరవై కిలోలకు తక్కువ ఉండవు. రోజూ దాన్ని ఎత్తేది ఎవరు? దీనికి జవాబు పైన పెట్టెలో, పైపు షాఫ్టు మీద ఉన్న స్ప్రింగు. షట్టరు పూర్తిగా దిగి ఉన్నప్పుడు పట్టీల బరువంతా షాఫ్టుకు వేలాడుతుంది; స్ప్రింగు బాగా మెలిపడి ఉండేదీ అప్పుడే. షట్టరు పైకి ఎక్కేకొద్దీ వేలాడే బరువు తగ్గుతుంది. అదే సమయంలో స్ప్రింగు మెలి విప్పుకుంటుంది కాబట్టి దాని బలమూ తగ్గుతుంది. రెండూ జోడుగా తగ్గుతాయి. అందుకే సరిగ్గా బిగించిన షట్టరును పదేళ్ల పిల్లవాడు కూడా ఎత్తగలడు, మధ్యలో వదిలేసినా అది చాలావరకు అక్కడే నిలబడుతుంది. దించేటప్పుడు దిగే పట్టీల బరువు ఇచ్చే బలాన్ని స్ప్రింగు దాచుకుని, ఎత్తేటప్పుడు తిరిగి ఇస్తుంది. ఈ ఆవిష్కరణలో నాకు అన్నిటికన్నా అందంగా తోచేది ఇదే.

మన దేశంలో ఈ షట్టరుకు కొలతలు కూడా స్థిరపడ్డాయి. దీనికి ఐఎస్ 6248 అనే భారత ప్రమాణం ఉంది. కేంద్ర ప్రజా పనుల శాఖ నిర్దేశాల్లో పట్టీ వెడల్పు 75 మిల్లీమీటర్లు. షట్టరు వెడల్పు మూడున్నర మీటర్ల లోపైతే రేకు మందం 0.9 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, దాటితే 1.25 ఉండాలి. పక్కన పట్టీలు జరిగే గైడు చానల్ లోతు మూడున్నర మీటర్ల లోపు 65 మిల్లీమీటర్లు, ఆపైన 75. ఈ అంకెలు కొట్టు కట్టించుకునే ప్రతివారికీ తెలియాలి. కాగితం మీద 0.9 అని రాసి అంతకన్నా పలుచని రేకు బిగిస్తే, మామూలు రోజుల్లో ఆ తేడా కంటికి కనిపించదు. కనిపించే రోజు వచ్చేసరికి ఆలస్యమైపోతుంది.

మన తీరంలో ఆ రోజు ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు గాలి 140 నుంచి 150 కిలోమీటర్లు, ఉండుండి 165. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు ఏమైపోయాయో శ్రీకాకుళం జిల్లా మనిషిని ఎవరిని అడిగినా చెబుతారు. ఇళ్లు, తోటల సంగతి చెప్పుకున్నంతగా తలుపుల సంగతి మనం చెప్పుకోలేదు. నిజానికి తుపానులో కట్టడానికి తలుపే ప్రాణస్థానం.

లెక్క వేసి చూద్దాం. కట్టడాల మీద గాలి బలం గురించి చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 875, మూడో భాగం. విశాఖపట్నం తీరానికి అది సెకనుకు 50 మీటర్ల గాలిని, అంటే గంటకు 180 కిలోమీటర్లను ఆధారంగా తీసుకుంటుంది. ఆ గాలి చదరపు మీటరుకు 1,500 న్యూటన్ల ఒత్తిడి పెడుతుంది. మన భాషలో చెప్పాలంటే సుమారు 150 కిలోలు. మూడు మీటర్ల వెడల్పు, 2.7 మీటర్ల ఎత్తు ఉన్న షట్టరు వైశాల్యం 8.1 చదరపు మీటర్లు. అంటే ఆ పలుచని రేకు పట్టీల మీద పడే తోపు 1,200 కిలోల పైమాటే. పట్టీలు ధనుస్సులా ఒంగుతాయి. ఒంగినకొద్దీ వాటి కొసలు గైడులోంచి లోపలికి జారతాయి. ఒక్క పట్టీ ఊడితే దాని వెనకే మిగతావీ ఊడతాయి.

తలుపు ఊడితే నష్టం సరుకుతో ఆగదు. గాలి లోపల దూరి ఒక్కసారిగా కప్పును కింది నుంచి పైకి నెడుతుంది. బయట అదే గాలి కప్పును పైకి పీలుస్తూ ఉంటుంది. నెట్టే బలం, పీల్చే బలం కలిస్తే రేకుల కప్పు లేచిపోతుంది. 1992 ఆగస్టు 24న అమెరికాలో ఫ్లోరిడాను ఆండ్రూ తుపాను కొట్టినప్పుడు నిపుణులు ఇల్లిల్లూ తిరిగి చూశారు. కారు షెడ్డు తలుపు ముందు కూలి, ఆ దారినే గాలి చొరబడి కప్పు పోయిన ఇళ్లు కనిపించాయి. ఆ తర్వాతే అక్కడ తలుపుల గట్టిదనానికి కఠినమైన నియమాలు వచ్చాయి.

షట్టరుకు మన వైపు ఇంకో శత్రువు ఉప్పు గాలి. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి లాంటి తీరపు ఊళ్లలో స్ప్రింగు పైన పెట్టెలో కూర్చుని ఎవరి కంటా పడకుండా తుప్పు పడుతుంది. మెలిపడి ఉన్న ఉక్కుకు తుప్పు పట్టడం మామూలు తుప్పులాంటిది కాదు. చిన్న గుంట పడినచోట పగులు మొదలై ఓ రోజు ఫట్టున తెగుతుంది. అప్పటి నుంచి షట్టరు బరువంతా మనిషి నడుం మీదే. ఇద్దరు కలిసి ఎత్తాలి, దించేటప్పుడు అది చేతులు దాటి పడిపోకుండా చూసుకోవాలి.

తెరిచిన తలుపు ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు రెండో జవాబు అమెరికా నుంచి వచ్చింది. 1908లో ఫోర్డ్ మోడల్ టి వచ్చాక ఇళ్లకు కార్లు వచ్చాయి. వాటిని గుర్రపు బండ్ల కొట్టాల్లో పెట్టేవారు. కొట్టాలకు బయటికి తెరుచుకునే బరువైన రెక్కలు. మంచు పడితే ముందు మంచు తోడాలి, తర్వాతే తలుపు. 1921లో సి.జి. జాన్సన్ తలుపును అడ్డంగా నాలుగైదు పలకలుగా కోసి, పలకల మధ్య బందులు వేసి, పక్కన చక్రాలు బిగించి, నిలువుగా వెళ్లి పైన ఒంపు తిరిగి కప్పు కింద అడ్డంగా సాగే పట్టాలలో నడిపించాడు. ఆ తలుపు చిన్న నమూనాను కారు వెనక బిగించుకుని ఊరూరా తిరిగి చూపించాడని చెబుతారు. 1926లో దానికి కరెంటు మోటారు కూడా తోడు చేశాడు.

జాన్సన్ తలుపు అమెరికా కారు షెడ్డుకు సరిపోయింది. మన కొట్టుకు అంతగా సరిపోదు. తెరిచినప్పుడు అది కప్పు కింద తొమ్మిదడుగుల లోతు జాగా తీసుకుంటుంది. మన కొట్లలో ఆ ఎత్తులోనే అటక ఉంటుంది, ఫ్యాను ఉంటుంది, కొన్నిచోట్ల వేలాడే సరుకూ ఉంటుంది. పైగా మోటారు మీద ఆధారపడే తలుపు మనకు కుదరదు. తుపాను వెళ్లాక రోజుల తరబడి కరెంటు ఉండదు. జనానికి బియ్యం, కొవ్వొత్తులు, మందులు కావలసింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

మూడో జవాబు ఉంది. అది విమానాల షెడ్లలో చాలాకాలంగా పనిచేస్తోంది. కొట్టు తలుపుగా మనవైపు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తలుపును అడ్డంగా రెండే రెక్కలు చేసి, నడుమ బందులతో కలుపుతారు. పై రెక్క పై అంచును లింటెల్‌కు బందులతో బిగిస్తారు. కింది రెక్క కింది అంచుకు రెండు కొసలా చక్రాలు, అవి నిలువు గైడుల్లో నడుస్తాయి. కింది అంచును పైకి లాగితే నడుము బయటికి వచ్చి తలుపు రెండుగా మడుస్తుంది. పూర్తిగా తెరిచాక రెండు రెక్కలూ దుకాణం ముందు పందిరిలా నిలుస్తాయి. తలుపు ఎత్తు తొమ్మిదడుగులైతే పందిరి నాలుగున్నర అడుగులు. లోపల అంగుళం జాగా పోదు, పగలంతా కొట్టుకు నీడ దొరుకుతుంది.

ఈ తలుపులో దాగి ఉన్న సుగుణం బరువు లెక్క వేస్తే బయటపడుతుంది. రెండు రెక్కలూ సమానమైతే, తలుపు మొత్తాన్నీ ఒక్కటిగా చూసినప్పుడు దాని బరువు కేంద్రం ఎప్పుడూ నడిమి బందు ఎత్తులోనే ఉంటుంది. కింది అంచు రెండడుగులు లేస్తే నడిమి బందు ఒక్క అడుగే లేస్తుంది. అంటే బరువు సగం దూరమే ఎక్కుతుంది. కాబట్టి కింది అంచును ఎత్తడానికి తలుపు బరువులో సగం బలం చాలు. ఆ సగం మొదట్లోనూ సగమే, మధ్యలోనూ సగమే, చివరలోనూ సగమే. మారదు. మారని బరువును మోయడానికి మారే స్ప్రింగు ఎందుకు? ఒక తాడు, ఒక కప్పీ, అవతలి కొసన తలుపు బరువులో సగం ఉండే ఎదురు బరువు. తలుపు 120 కిలోలుంటే రెండు పక్కలా ముప్పయ్యేసి కిలోల ఇనుప దిమ్మెలు. అంతే, తలుపు తూగిపోతుంది.

ఇది మన పొలాలకు తెలిసిన విద్యే. ఏతం వెనక కొసన రాయి కట్టి, నీళ్లతో నిండిన బానను ఒక్క మనిషి అలవోకగా పైకి తెచ్చిన నేల ఇది. ఎదురు బరువుకు తుప్పు పట్టినా దాని బరువు పెద్దగా తగ్గదు. తెగేది ఏదైనా ఉంటే అది తాడే. తాడు కంటికి కనిపిస్తుంది, పాతబడితే అక్కడే ఊళ్లోనే మార్చుకోవచ్చు.

కాగితం మీద కుదిరింది గోడ మీద కుదరాలంటే కొన్ని చిక్కులు విప్పాలి. మొదటిది ఆరంభం. తలుపు మూసి ఉన్నప్పుడు రెండు రెక్కలూ ఒకే నిలువు గీతలో నిలబడితే, కింది నుంచి ఎంత లాగినా అది మడవదు. నడిమి బందు ఆ గీతకు ఒకింత బయటికి ఉండేలా అమర్చాలి, లేదా అక్కడ ఒక పిడి పెట్టి ముందు దాన్ని బయటికి లాగాలి.

రెండోది ముగింపు. రెక్కలు పూర్తిగా అడ్డం తిరిగేకొద్దీ కింది చక్రాలు గైడును అడ్డంగా నొక్కే బలం వేగంగా పెరుగుతుంది. 120 కిలోల తలుపు నిలువు నుంచి 80 డిగ్రీల దాకా తెరిస్తే ఒక్కో పక్క సుమారు 85 కిలోలు. 85 డిగ్రీలకు పోతే అది రెట్టింపు. అందుచేత 80 దగ్గర ఆపడం మేలు. అప్పుడు పై రెక్క వీధివైపు ఏటవాలుగా ఉండి వాన నీరు బయటికే జారుతుంది. దానికి చెల్లించే మూల్యం ఎత్తు: కింది అంచు లింటెల్‌కు అడుగున్నర కిందే ఆగుతుంది. గోడ ఎత్తుగా ఉన్నచోట పై బందును లింటెల్ కన్నా పైన, గోడ బయటి ముఖం మీద బిగిస్తే ఆ అడుగున్నర తిరిగి వస్తుంది. సన్‌షేడ్ పలక అడ్డం వచ్చేచోట ఇది ముందే చూసుకోవాలి.

మూడోది గాలి. ఎదురుగా కొట్టే గాలి తలుపును గోడకే అదుముతుంది, అది మంచిదే. వెనక్కి పీల్చే గాలి మాత్రం నడిమి బందు దగ్గర తలుపును బయటికి మడవాలని చూస్తుంది, అంటే తనంతట తాను తెరవాలని చూస్తుంది. కాబట్టి తాళం కింద ఒక్కచోట ఉంటే చాలదు. నడుము ఎత్తులో రెండు పక్కలా గోడలోకి దిగే గట్టి గడియలు ఉండి తీరాలి. నడిమి బందుకు పైనా కిందా అడ్డంగా పోయే చట్రం ముక్కలే గాలి తోపును మోస్తాయి, అవి తక్కిన చట్రం కన్నా బలంగా ఉండాలి. తుపాను కబురు వచ్చిన వెంటనే తలుపు దించేయాలి. తెరిచి ఉన్న పందిరి తలుపు గాలికి తెరచాప.

నాలుగోది మనుషుల క్షేమం. తెరిచేటప్పుడు నడుము బయటికి దూసుకువస్తుంది, ముందు ఎవరూ నిలబడకూడదు. ఎదురు బరువులు గోడ పక్కన మూసిన చానల్‌లో నడవాలి. తాడు తెగినా దిమ్మె ఎవరి కాలి మీదా పడకూడదు. పందిరి రోడ్డు మీదకు రాకుండా మున్సిపాలిటీ హద్దు లోపల ఆగాలి.

ఈ చిక్కులేవీ మన చేతికి అందనివి కావు. షట్టరు పట్టీలు చేయాలంటే రేకును వంచే ప్రత్యేకమైన యంత్రాలు కావాలి. మడత తలుపుకు కావలసింది యాంగిల్, చానల్, రేకు, బందులు, కప్పీ, వెల్డింగ్. విశాఖ ఉక్కు కర్మాగారంలో రేకు తయారుకాదు. యాంగిల్, చానల్ లాంటివి అక్కడ తయారవుతాయి. అంటే ఈ తలుపుకు వెన్నెముకయిన చట్రం మన గడప దగ్గరే పుట్టగలదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మండల కేంద్రం ఏదైనా వెల్డింగ్ షాపు లేని బజారు ఉండదు. ట్రాక్టరు తొట్టి నుంచి గుడి గేటు దాకా చేసే ఆ చేతులకు ఈ తలుపు పెద్ద పనేమీ కాదు. వాళ్లకు అందవలసింది లెక్క: ఏ వెడల్పుకు ఎంత చానల్, ఎంత బరువుకు ఎంత దిమ్మె, గడియ ఎంత లావు.

ఆ లెక్క వేయగల చదువు మన దగ్గరే ఉంది. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ ఉంది, రాజాంలో, టెక్కలిలో ఇంజినీరింగ్ కళాశాలలున్నాయి, శ్రీకాకుళంలో పాలిటెక్నిక్ ఉంది. ఏటా ఆఖరి సంవత్సరం పిల్లలు ప్రాజెక్టు కోసం అంశం వెతుక్కుంటారు. ఒక జట్టు ఈ తలుపు తీసుకుని, ఒక వెల్డింగ్ షాపుతో చేయి కలిపి, మొదట గజం వెడల్పు నమూనా, తర్వాత నిజమైన కొట్టు తలుపు చేయాలి. చదరపు మీటరుకు 150 కిలోల లెక్కన ఇసుక బస్తాలు పేర్చి అది ఎంత ఒంగుతుందో కొలవాలి. కొలిచింది ఒక పట్టికగా రాసి ప్రతి వెల్డింగ్ షాపు గోడకూ అంటించాలి. బనెట్, కినియర్, జాన్సన్ చేసింది కూడా తమ ఊళ్లో, తమ వాతావరణంలో కళ్లెదుట కనిపించిన ఇబ్బందికి కొలతతో జవాబు చెప్పడమే. లండన్‌కు గాజు కొట్లు, అమెరికాకు మంచు, కారు షెడ్డు ఆ ఇబ్బందిని చూపించాయి. మనకు దాన్ని తుపాను చూపించింది. ఆ జవాబు ఇంకొకరు చెప్పేదాకా ఆగనక్కర్లేదు. ఎత్తేవాడి నడుం నొప్పి పుట్టకుండా, గాలికి ఊడకుండా, కరెంటు లేని రోజున కూడా తెరుచుకునే తలుపు ఉత్తరాంధ్ర పేరు మీద పుట్టాలి.